సాలమ్మ ఇచ్చింది

షేర్ ఆటో ఇంకా కదలలేదు. మనూర్ దాకా పోవాలంటే ఇంకొందరు ఎక్కాలని డ్రైవర్ ముందే చెప్పేశాడు. నారాయణఖేడ్ బస్ డిపో గోడ నీడలో, వెనక సీటు చివరన, మాస్కు లోపల తన ఊపిరి తనకే వెచ్చగా తగులుతుంటే మహాదేవి కళ్లు మూసుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పకుండా వచ్చింది. అత్త భోంచేసి చాప మీద ఒరిగిన వేళ, భర్త గురులింగప్ప కింద బట్టల దుకాణంలో ఎవరికో చీరలు విప్పి చూపిస్తున్న వేళ, వెనక మెట్లు దిగి సందులోంచి రోడ్డెక్కింది. జబ్బు పడ్డాక ఒంటరిగా గడప దాటడం ఇదే మొదలు. కాళ్లు ఇంకా గట్టిపడలేదు, నడుస్తుంటే నేల కొంచెం దూరంగా జరిగినట్టుంది. నెత్తిన కప్పుకున్న కొంగు కింద కొత్తగా మొలిచిన జుట్టు, చంటిపిల్లల జుట్టులాంటిది, చెమటకు అతుక్కుంటోంది. పొద్దున ఆ జుట్టుకు కొబ్బరినూనె రాస్తూనే కూతురు శివాని నోరు జారింది. తన కడుపులోకి ఎక్కించిన ఆ మందు, మందనే అనాలి, ఇంట్లో అందరూ అలాగే అంటారు, ఆ మందు ఇచ్చిన పిల్లవాడెవరో ఒక్కసారి చూడాలనుంది, ఎదురుపడితే చేతులెత్తి మొక్కాలనుంది అని మహాదేవి అన్నది. నెత్తి మీద కూతురి వేళ్లు ఆగిపోయాయి. "పోరడెవడు లేడమ్మా," అంది శివాని. "మన సాలమ్మ ఇచ్చింది. నాన్న చెప్పొద్దన్నడు."

ఆటో ఒక్కసారి ఊగి కదిలింది. చివరిగా ఎక్కిన ఆవిడ మహాదేవి పక్కనే సర్దుకుని కూర్చుంది, ఒళ్లో గుడ్డసంచి, సంచిలోంచి తల బయటపెట్టిన కోడి. బోరంచ నల్లపోచమ్మకు మొక్కు కాబోలు. కోళ్లకు దూరంగా ఉండాలన్నారు హైదరాబాదు డాక్టర్లు, జనానికి, దుమ్ముకు, పచ్చి కూరలకు, పెరుగుకు కూడా దూరంగా ఉండాలన్నారు, ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటీ సడలిస్తున్నారు. మహాదేవి మొహం బయటికి తిప్పుకుంది. గాలి కొంగులోకి దూరి దాన్ని ఊదింది. సాలమ్మ. మనూర్ దగ్గర తమ చేనులో పనిచేసే సాలమ్మ ఇచ్చింది. పొద్దున ఆ మాట విన్నాక తను నెమ్మదిగా లేచి స్నానాల గదిలోకి పోయి, గోడకు చేయి ఆనించి, తల వంచి నిలబడింది. కక్కు వస్తుందని ఎదురుచూసింది. వస్తే బాగుండుననే అనుకుందేమో కూడా. ఆ జబ్బులో ఎన్ని కక్కులు, పసుపువి, పచ్చవి, ఏమీ లేనివి. పిలవకుండా వచ్చిన ఆ కక్కు ఇవాళ పిలిచినా రాలేదు. కడుపు ప్రశాంతంగా ఉంది. పొద్దున తిన్న ఉప్మాను తనపాటికి తను అరిగించుకుంటూ, ఇదంతా తనకు సంబంధం లేని గొడవ అన్నట్టు ఉంది. కొళాయి నీళ్లతో మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే, అద్దంలో ఉన్నామె ఎవరో చప్పున చెప్పలేకపోయింది.

మొదట చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చేది. తర్వాత మోచేతుల మీద, తొడల మీద నల్లని మచ్చలు, నేరేడుపండ్లు నలిపినట్టు. ఎవరైనా గట్టిగా పట్టుకున్నారా అని అత్త అడిగింది, కొడుకు వైపు అనుమానంగా చూస్తూ. అదీ తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, పాపం ఆయన చెయ్యి ఎప్పుడూ చీరల మీదే తప్ప దేని మీదా గట్టిగా పడలేదు. రక్తంలో క్యాన్సర్ అన్నారు. రక్తంలో ఎట్లా వస్తుంది, గడ్డ లేదు పుండు లేదు, ఎక్కడ పెట్టుకుని ఉంటుంది అది, ఒళ్లంతా తిరిగేదాన్ని ఎక్కడ పట్టుకుంటారు అని ఆశ్చర్యపోయింది. పాత రక్తాన్ని మందులతో పూర్తిగా ఆర్పేసి, కొత్తది మొలిపించాలన్నారు. విత్తనం తమ్ముడు బసవేశ్వర్‌ది. భాల్కి నుంచి వచ్చి మంచం మీద పడుకుని వాడు ఇచ్చిన మూలకణాలు చిన్న సంచిలో వచ్చాయి, గులాబీ రంగులో, పండుగ రోజు కలిపే షర్బత్తులా. అద్దాల గదిలో అవి తన ఒంట్లోకి చుక్కచుక్కగా దిగుతుంటే మహాదేవికి భాల్కిలోని తమ ఇంటి వెనక మామిడిచెట్టు కొమ్మ మీద కూర్చుని కాళ్లూపుతున్న తమ్ముడు కనిపించాడు. మెళ్లోని లింగాన్ని కూడా ఆ రోజు తీసి, మందునీళ్లతో తుడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి తలగడ పక్కన ఉంచారు. శివుడు కూడా మాస్కు వేసుకున్నాడే అనుకుంది. కొన్నాళ్లకు ఆమె రక్తం గ్రూపే మారిపోయింది, తమ్ముడిదయింది. జబ్బు కణాలు కనపడటం లేదన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే పేగు తిరగబడింది.

ఆటో ఊరు దాటింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, కందికట్టెలు కోసేసిన మోళ్లు, అక్కడక్కడ యాసంగి జొన్న, కంకులు తెల్లబడుతున్నాయి. ఎండ పాలలా పలచగా ఉంది, ఎక్కడో మోదుగ పూసింది, ఎర్రటి మంట పొగ లేకుండా మండుతోంది. ఇంజిను రొద ఒకే తీరుగా సాగి సాగి జోలపాటయింది, కనురెప్పలు బరువెక్కాయి. ఆ ఆస్పత్రి మంచం మీద కూడా ఇట్లాగే ఉండేది, మేలుకోవడానికీ నిద్రకూ నడుమ ఎక్కడో, ఏదీ గట్టిగా పట్టుకోలేకుండా. తిన్నది నీళ్లయి పోయేది, తాగింది నీళ్లయి పోయేది, ఆఖరుకు తన లోపలి పొరే ఊడి పోతోందన్నారు. చందన అనే చిన్న డాక్టరమ్మ, కళ్ల కింద ఎప్పుడూ నిద్రలేని నీడలుండే పిల్ల, మంచం అంచున కూర్చుని చెప్పింది. తమ్ముడి కణాలు కొత్తగా కాపలాకు వచ్చాయి కదా, అవి మీ పేగును చూసి పరాయిదనుకుని కొడుతున్నాయి అని. మామూలుగా అయితే పేగులో లెక్కపెట్టలేనన్ని సూక్ష్మజీవులు కాపురముంటాయట. మనం తిన్న పీచును అవి తిని, పేగు గోడకు తిండి పెడతాయట, కాపలా కణాలకు ఎవరిని కొట్టాలో ఎవరిని వదలాలో నేర్పుతాయట. జ్వరాలు ముసురుకున్నప్పుడు ప్రాణం దక్కడానికి ఇచ్చిన మందులు చెడ్డవాటితో పాటు వాటినీ చంపేశాయట. ఇవ్వకపోతే అప్పుడే పోయేవారు, ఇచ్చాం కాబట్టి ఇప్పుడిట్లా అయింది అని దాపరికం లేకుండా చెప్పింది. మందులతో తగ్గించాలని చూశారు, తగ్గలేదు. ఇంక ఒక దారి ఉంది, ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, శుభ్రం చేసి, వడకట్టి, అందులోని జీవుల్ని మీ పేగులోకి పంపడం. కొంతమందికి బాగా పనిచేసింది, కొంతమందికి చెయ్యలేదు. పేగులో ఎన్ని ఎక్కువ రకాల జీవులుంటే ఈ మూలకణాల చికిత్స తర్వాత మనుషులు అంత బాగా నిలబడుతున్నారని చాలా దేశాల్లో గమనించారు, ఎందుకో ఇంకా వెతుకుతూనే ఉన్నారు. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను అంది. మహాదేవి ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి తనలో అప్పటికి ఏమంత మనిషి మిగిలింది గనుక. ఎప్పుడో ఎవరో తగలబెట్టి వదిలేసిన చేనులా ఉండేది లోపల, పురుగు లేదు, చీమ లేదు, గడ్డిపరక లేదు, గాలి వీస్తే బూడిద లేచేది. ఎవరు ఇస్తారు అని మాత్రం అడిగింది. ఇంట్లో వాళ్లను పరీక్ష చేశారు. గురులింగప్పకు షుగరు. శివాని మొటిమలకు నెలల తరబడి గోలీలు మింగింది. బసవేశ్వర్ అప్పుడే టైఫాయిడ్‌కు మందులు వాడి లేచాడు. మందులు ఎరగని ఒళ్లు కావాలన్నారు డాక్టర్లు. తర్వాత ఒకరోజు గురులింగప్ప వచ్చి, మనిషి దొరికిండు, నువ్వు పరేషాన్ గాకు అని చెప్పి, ఇంకేమీ అడగకముందే మందులు తేవాలంటూ వెళ్లిపోయాడు.

ఆ మనిషిని మహాదేవి తనే తయారుచేసుకుంది. చదువుకునే కుర్రవాడు, తెల్లగా, పొద్దున్నే మైదానం చుట్టూ పరుగెత్తేవాడు, అరటిపండ్లు తింటాడు, సిగరెట్టు ముట్టడు, వాళ్లమ్మకు రోజూ ఫోన్ చేస్తాడు. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, గోధుమరంగు నీళ్లున్న సిరంజికి గుడ్డ చుట్టి తెచ్చినప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఆ కుర్రవాణ్ణే తలచుకుంది. ఏ రుచీ తెలియలేదు, గొంతు దగ్గర చల్లగా ఏదో జారినట్టు, అంతే. ఆ తర్వాత రోజులు కలిసిపోయాయి, ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ విడదీయలేకపోతోంది. నీళ్లు తగ్గాయి. నొప్పి తగ్గింది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతుంటే, కడుపులో ఎవరో లోపలి నుంచి తలుపు మెల్లగా తోసినట్టయింది. అదేమిటో పోల్చుకోవడానికే చాలాసేపు పట్టింది. "ఆకలైతుంది," అంది పైకి. కుర్చీలో జోగుతున్న గురులింగప్ప లేచి, వరండాలోకి పోయి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అద్దంలోంచి ఆయన వీపు అదరడం కనిపించింది.

"ఏం బీమారమ్మా?" అంటోంది పక్కావిడ. కోడి కూడా తల తిప్పి చూసింది. మహాదేవి ఉలిక్కిపడింది. మాస్కునూ, కొంగు కింది తలనూ చూసి అడిగి ఉంటుంది. రక్తంల ఉండె, పోయింది, అంది. తల్లి దయ, అంది ఆవిడ, నల్లపోచమ్మను తలచుకుని కోడి నెత్తిన చేయి వేస్తూ. మంచి డాక్టరు దొరికినట్టున్నడు అంది మళ్లీ. దొరికింది అంది మహాదేవి, డాక్టరమ్మను తలచుకుని కాదు. బోరంచ తోవ దగ్గర ఆవిడ దిగిపోయింది, కోడి మెడ చాచి వెనక్కి చూస్తూ పోయింది. సీటు ఖాళీ అయింది గాని కోడి వెచ్చదనం కాసేపు అక్కడే ఉంది.

ఆకలి అన్న మాట కూడా సాలమ్మదే. పెళ్లయి భాల్కి నుంచి వచ్చినప్పుడు మహాదేవికి కన్నడం తప్ప వేరే భాష రాదు. అత్తింట్లో అందరూ లింగాయతులే, అందరూ కన్నడమే, కాని వీధిలో, దుకాణంలో, మనూర్ దగ్గరి చేను మీద అంతా తెలుగే. చేను చూసుకోవడానికి మామతో పాటు వెళ్లి గట్టు మీద కూర్చుంటే, కలుపు తీస్తున్న సాలమ్మ వంగినది వంగినట్టే తల పైకెత్తి ఏదో అడిగింది. అర్థం కాలేదు. సాలమ్మ తన కడుపు మీద చేత్తో కొట్టుకుని చూపించి, ఆకలైతుందా చిన్నమ్మా అంది మళ్లీ. సాలమ్మకు అత్త పెద్దమ్మ, తను చిన్నమ్మ. హసివు అనుకుంది మహాదేవి, ఓ, హసివును అడుగుతోంది. తల ఊపింది. అట్లా మొదలయింది. ఇది కంది, ఇది పెసర, ఇది గరిక, దీన్ని పీకాలె, ఇది పాలకంకి, దీన్ని నోట్లేసుకోవాలె. సాలమ్మ మాటలు మట్టి అంటుకుని వచ్చేవి, వాటిని తను ఇంటికి తీసుకుపోయి మాట్లాడితే అత్త కళ్లు పెద్దవి చేసేది, ఎక్కడి మాటలివి, ఎవరి నోట్లోవి అని. దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం ఆమె నోరు విప్పితే చాలు దగ్గరికి జరిగేవారు. శివాని పుట్టాక ఆ పిల్లకు తెలుగు ఆమె నోటి నుంచే వచ్చింది, అంటే సాలమ్మ నోటి నుంచే. ఇన్నేళ్లుగా మహాదేవి వాళ్ల చేనులో సాలమ్మే పని చేస్తోంది. చేను దగ్గరి కొట్టంలో గోడగూట్లో సాలమ్మకని వేరే గ్లాసు ఉండేది, దానిలో నీళ్లు పోసేటప్పుడు చెంబు గ్లాసుకు తగలకుండా ఎత్తి పోయాలి. ఎవరూ నేర్పలేదు, అందరూ పోసినట్టే తనూ పోసింది, నీళ్లధార పడే చప్పుడు ఇప్పుడు చెవిలో ఆగకుండా పడుతోంది. సాలమ్మ ఇల్లు ఎక్కడో తెలుసు, చర్చి వెనక వాడలో, రోడ్డు మీంచి పైకప్పు కనిపిస్తుంది. లోపలికి పోయింది లేదు. పోవాలనే ఆలోచన ఎప్పుడూ రాలేదు, అదీ వింత, ఇంత మాట్లాడుకున్న మనిషి ఇల్లు ఎట్లా ఉంటుందో అనైనా అనిపించలేదు.

రక్తం తమ్ముడిది. కడుపు సాలమ్మది. మరి ఈ ఆటోలో కూర్చుని ఊగుతున్నదెవరు? జొన్నకంకుల మీద పిచ్చుకలు ఒక్కసారిగా లేచి, గాలిలో ఒక గుడ్డ దులిపినట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. పేరు మహాదేవి, అదీ అమ్మమ్మది. ముక్కు నాన్నది. మొండితనం ఎవరిదో, అత్త అంటుంది భాల్కి నీళ్లదని. వెతుక్కుంటూ పోతే ఏదీ తనది కాదేమో, అన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవే, ఇన్నాళ్లూ ఇచ్చినవాళ్లు మనవాళ్లు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఆ ఆలోచనకు భయం వెయ్యలేదు, నీళ్లలో వెల్లకిలా పడుకున్నప్పటి తేలికదనం వచ్చింది, చెవుల్లో నీళ్లు, పైన ఆకాశం. మరి పొద్దున గోడకు చేయి ఆనించి నిలబడిందెవరు? అదీ తనే. అది లేదని అనలేదు. ఆ తెల్లటి కుర్రవాడయినా మలం మలమే కదా, అప్పుడు రాని అసహ్యం ఇప్పుడెందుకు రావాలని పిలిచావు అని తనను తాను అడిగింది. జవాబు తెలుసు. తెలిసిన జవాబు దగ్గర కాసేపు ఉండిపోయింది, ముల్లు దిగిన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నట్టు. ఏం చెప్పాలి పోయి? కన్నడంలో ఒకటి అనుకుంది, తెలుగులో ఒకటి. నీ మేలు మరువను, అది దుకాణం క్యాలెండర్ మీది మాటలా ఉంది. నువ్వు నా తల్లివి, అది అబద్ధం, సాలమ్మ తనకన్నా కొద్దిగానే పెద్దది. మనూర్ వచ్చిందని డ్రైవర్ అరిచేదాకా ఒక్క మాటా కుదరలేదు.

చర్చి వెనక వాడలో మూడు మేకపిల్లలు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నాయి. సాలమ్మ ఇల్లు ఎవరినీ అడగనక్కర్లేకపోయింది, ముందు జాగాలో పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తున్న ఆ వీపును ఎక్కడున్నా పోల్చగలదు. పొద్దుటి నుంచి శనగ పీకి వచ్చినట్టుంది, చీర అంచుకు ఎండిన ఆకులు అంటుకుని ఉన్నాయి. నీడ మీద పడగానే సాలమ్మ తల తిప్పి చూసింది. చేతిలోని రొట్టె అట్లాగే ఉంది. లేవలేదు, నవ్వలేదు, మాస్కు మీది కళ్లలోకే చూసింది.

"ఎర్కయ్యిందా?" అంది.

"అయ్యింది."

సాలమ్మ రొట్టెను పెనం మీద వేసి, చేయి తడి చేసుకుని, దాని మీద నీళ్లు అద్దింది. ఆవిరి లేచింది. "అసియమైతుందా?" అంది, మొహం పొయ్యి వైపే పెట్టి.

ఆటోలో అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "పొద్దుగాల అయ్యింది," అంది మహాదేవి. "కక్కుదామని పోయిన. రాలే."

సాలమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది మహాదేవి, కాదు, నవ్వుతోంది, నవ్వు పట్టలేక రొట్టె తిప్పడం మరిచి అంచు మాడబెట్టింది. పక్కనున్న పీటను కాలితో జరిపి కూర్చోమంది. అప్పుడు చెప్పింది తన కథంతా. గురులింగప్ప వచ్చి గడప ముందు నిలబడి, ఎట్లా అడగాలో తెలియక, చేను సంగతి, వాన సంగతి, ఎరువుల సంగతి మాట్లాడి మాట్లాడి, ఆఖరుకు చెప్పుల వైపు చూస్తూ అడిగాడట. తను మొదట నమ్మలేదట, మందు కల్లు ఏమన్నా తాగిండా అనుకుందట, ఆయన తాగడని గుర్తొచ్చి భయపడిందట. కొడుకు తోమా దగ్గరికి పోతున్నానని వాడలో చెప్పి, కారెక్కి హైదరాబాదు పోయి, సూదులతో నెత్తురు తీయించుకుని, అన్ని పరీక్షలూ అయ్యాక, పొద్దున్నే ఒక డబ్బా చేతికిచ్చి కుర్చీలాంటి దొడ్లో కూర్చోబెట్టారట. రావట్లేదు. జన్మలో కుర్చీ మీద కూర్చున్నది లేదు. బయట నర్సు పిల్ల తలుపు కొట్టి, అయ్యిందా ఆంటీ, అయ్యిందా ఆంటీ అని అడుగుతోంది. నీ కోసం ఏడ్చిననుకున్నవా, రాక ఏడ్చిన అంది సాలమ్మ, కళ్లు తుడుచుకుంటూ. మహాదేవి మాస్కు తీసేసి నవ్వింది, నవ్వితే పొట్ట కండరాలు నొప్పి పుట్టాయి, ఎన్నాళ్లయిందో అట్లా నొప్పి పుట్టి.

నవ్వు తగ్గాక పొయ్యిలో పుల్ల చిటపటమంది. సాలమ్మ మరో పిండిముద్ద తీసుకుంది. "మా అత్త మనూర్ల మీ పాత ఇంటి ఎన్క పాకి దొడ్డి ఊడ్షింది," అంది, మామూలు గొంతుతోనే. "నేన్ గూడ ఊడ్షిన, కొత్తల. గిప్పుడు నా దానికోసం నన్నే కార్ల కూసోవెట్టుకొని తీస్కవోయిండ్రు."

పిండి మీద అరచేతి చప్పుడు మాత్రం ఒకే తీరుగా పడుతోంది, రొట్టె చంద్రుడిలా గుండ్రంగా పెరుగుతోంది. "ఎందుకిచ్చినవ్ మరి?" అంది మహాదేవి.

"అడిగిండ్రు, ఇచ్చిన. పడేశేదే గదా," అంది సాలమ్మ. రొట్టెను పెనం మీద పరిచి, చేతులు దులుపుకుని, మొదటిసారి పూర్తిగా ఇటు తిరిగింది. "పడేశేదే గని, నీకని ఇచ్చిన. వేరేటోళ్లకైతే గంత దూరం పోయి గంతసేపు కూసుందునా?"

తర్వాత, నువ్వు ఇంకా ఎండుకట్టె లెక్కనే ఉన్నవు, తింటవా అని అడిగింది. అడిగి, వెంటనే, వద్దులే, డాక్టర్లు ఏమంటరో అంది. వేడిది తినొచ్చన్నారు అంది మహాదేవి. ఇది వేడిదే అంది సాలమ్మ, కాని చెయ్యి కదల్లేదు, మీ అత్తకు ఎర్కేనా అంది. మహాదేవి తల అడ్డంగా ఊపింది. ఆమె చెయ్యి అప్పటికే చాచి ఉంది. సాలమ్మ ఆ చేతి వైపు చూసింది, సన్నటి నరాల మీద సూదుల గుర్తులు ఇంకా నల్లగా ఉన్నాయి. లేచి లోపలికి పోయి, ఇత్తడి పళ్లెం తెచ్చి, కడిగి, మళ్లీ వేడినీళ్లు పోసి కడిగి, రొట్టె వేసి, దాని మీద పొగలు కక్కుతున్న కూర వేసింది. మొదటి ముద్దకు నాలుక ఒణికింది, పులుపు, కారం, వెల్లుల్లి, మాడిన జొన్న వాసన. కడుపు ముద్దను అందుకుంది, రమ్మని పిలిచి ఎదురువచ్చినట్టు. ఎండ పక్కింటి గోడ దిగిపోతోంది, ఎక్కడో మేకల మెడగంటలు, సాలమ్మ భర్త యేసయ్య మందను తోలుకొస్తున్నట్టున్నాడు, అన్నీ చాలా దూరంగా, చాలా మెత్తగా వినిపిస్తున్నాయి. ఎవరి రక్తమో, ఎవరి జీవులో, అన్నీ కలిసి ఒకే పళ్లెం ముందు కూర్చుని తింటున్నాయనిపించింది. రేపు ఏమవుతుందో తెలియదు, జబ్బు తిరిగి రాదని డాక్టరమ్మ కూడా ఒట్టు పెట్టలేదు. కాని ఇప్పుడు మాత్రం ఆకలి తనది, దీనిలో ఎవరికీ వాటా లేదు.

ఫోన్ మోగింది. గురులింగప్ప. ఎత్తగానే ఆయన గొంతు ఆయాసంగా ఉంది, మెట్లన్నీ ఎక్కి దిగి వెతికినట్టున్నాడు. ఎక్కడున్నవ్ అన్నాడు.

"సాలమ్మ ఇంట్ల ఉన్న. తింటున్న."

దుకాణంలో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తోంది, ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆయనకు అంతా అర్థమైందని ఆమెకు అర్థమైంది. అంతలో వెనక నుంచి అత్త గొంతు, ఎక్కడుందట, ఎక్కడికి పోయిందట అని కన్నడంలో గట్టిగా అడుగుతోంది. గుడికి పోయిందనవచ్చు. డాక్టరు దగ్గరికనవచ్చు. ఆయన ఏమంటాడో అని మహాదేవి ముద్ద నమలడం ఆపి విన్నది. సాలమ్మ కూడా పిండి మీద చెయ్యి ఆపింది. గురులింగప్ప గొంతు సవరించుకున్నాడు. సాలమ్మ ఇంట్లో ఉందట, అక్కడ తింటోందట అన్నాడు తల్లితో, కన్నడంలో, ఒక్కో మాటా విడివిడిగా.

పెనం మీద రొట్టె ఉబ్బి, ఊపిరి వదిలి, మళ్లీ అణిగింది. ఫోన్ చేతులు మారిన చప్పుడయింది. తర్వాత అత్త గొంతు, చాలా దగ్గరగా, చెవిలోనే కూర్చున్నట్టు.

"ఏన్ పల్యా?" అంది. ఏం కూర అని.

"పుండి," అంది మహాదేవి, నోట్లో గోంగూర ముద్దతోనే. సాలమ్మ ఇంకో రొట్టె పెనం మీద వేసింది.